కుడి కాలికి నూనె

పోయిన వారం నుంచి నా ఫోన్ ఊరుకోవడం లేదు. ఏళ్ల తరబడి పలకరించని వాళ్లు కూడా చేసి అభినందనలు చెబుతున్నారు. అంతర్జాతీయ పోటీల్లో ఇప్పటిదాకా పడిన గొప్ప ఫుట్‌బాల్ గోల్స్ అంటూ ఎవరో ఇంటర్నెట్‌లో వరసగా వీడియోలు పెడుతున్నారట, అందులో మా నాయన గోల్‌కు చోటు దొరికిందట, నేను అదృష్టవంతురాలినట. అందరికీ థాంక్స్ చెప్పి పెట్టేస్తున్నాను. కెమెరా ముందు నేను మాట్లాడింది గంట సేపు, వాళ్లు ఉంచింది నలభై సెకన్లు. కత్తిరించి పారేసిన మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

అసలు నాకు ఈ జాబితాల మీదే మంట. వాటిలో మొదటి వరస గోల్స్ మీకూ తెలిసినవే. సగం మైదానం నుంచి బంతిని కాలికి అంటించుకుని, ఎదురొచ్చిన వాళ్లనందరినీ కూర్చోబెట్టుకుంటూ పోయిన ఆ పొట్టివాడి గోల్ ఉంటుంది. గాల్లో వెల్లకిలా తేలి కొట్టినవి ఉంటాయి. గోల్ కీపర్ అటు దూకితే బంతి ఇటు వంగినవి ఉంటాయి. వాటన్నిటినీ కెమెరాలు చూశాయి కాబట్టి ఎవరు కొట్టారని ఎవరూ అడగక్కర్లేదు. మా నాయన గోల్‌కు రీలు లేదు. ఉన్నది పేపర్లో వచ్చిన ఒక్క ఫొటో, ఆ తర్వాత మా నాయన నోరు. నాకు ఆ గోల్ అంటే అసహ్యం. డెబ్బై దాటిన మనిషి కన్నతండ్రి గురించి ఇలా రాయకూడదు అనుకునేవాళ్లు ఈ పేజీ తిప్పేయొచ్చు, నాకేం బాధ లేదు.

మా నాయన పేరు రాజలింగం. చిలకలగూడలో రెండు గదుల సర్కారు క్వార్టర్ మాది. క్వార్టర్‌ను ఆయనకు ఆఫీసు ఇచ్చింది, ఆఫీసును గోల్ ఇచ్చింది. నేను పుట్టకముందు, ఆసియా దేశాలు ఆడిన ఒక పోటీకి మన దేశం జట్టులో సికింద్రాబాద్ నుంచి ఇద్దరు వెళ్లారు. కుడి వైపు ఆడే ఏడో నంబరు మా నాయన. ఎడమ వైపు ఆడే పదకొండో నంబరు ఆయన దోస్తు నర్సింగ్. ఇద్దరూ మోండా మార్కెట్ వెనక సందుల్లో పుట్టి, పరేడ్ గ్రౌండ్స్‌లో ఉత్త కాళ్లతో ఆడి పెరిగినవాళ్లు. ఆ పోటీలో ఒక మ్యాచ్ చివర, జోరు వానలో, ఏడో నంబరు ఆటగాడు సగం మైదానం నుంచి బంతి తీసుకెళ్లి నలుగురిని దాటి గోల్ కొట్టాడు. రేడియోలో రాజలింగం అన్నారు. ఇరానీ హోటల్లో రేడియో చుట్టూ మూగిన జనం చాయ్ వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తారని చెప్పుకునేవాళ్లు. తిరిగొచ్చాక ఒక పెద్ద ఆఫీసు, పేరెందుకులెండి, గోల్ కొట్టినవాడికి నౌకరీ ఇస్తామంది. నౌకరీ ఒకటే. మా నాయన చేరాడు. నర్సింగ్ కాక మోండాలో కూరగాయల గంపలు మోశాడు, టోకు వ్యాపారం బోయిన్‌పల్లికి పోతే దాని వెంట తనూ పోయాడు.

మా ఇంట్లో దేవుడి కంటే ముందు ఆ గోల్ లేచేది. అమ్మ దీపం పెట్టక ముందే కుంపటి మీద నువ్వుల నూనె పెట్టి, అందులో వాము, చితక్కొట్టిన వెల్లుల్లి వేసి కాచేది. మా నాయన గోడకు ఆనుకుని పీట మీద కూర్చుని కుడి కాలు చాపేవాడు. మోకాలి నుంచి పాదం దాకా అమ్మ నూనె పట్టించాలి. గోల్ కొట్టిన కాలు మరి. ఎడమ కాలికి ఏమీ లేదు, అది పక్కన ముడుచుకుని ఉండేది. నూనె చల్లారితే "ఏందే, ధ్యాస ఏడ ఉన్నది" అని గదమాయించేవాడు. బడికి పోయే నా జడలకు కూడా ఆ వెల్లుల్లి వాసన అంటేది, ఎందుకంటే అమ్మ అదే చేతులతో నా తల దువ్వేది. ఆయన తలపైన గోడకు పేపరు ఫొటో అద్దం కట్టించి ఉండేది. వెనక నుంచి తీసిన ఫొటో. ఆటగాడి వీపు మీద 7 కనిపిస్తుంది, మొహం కనిపించదు, ఒక కాలు గాల్లోకి లేచి ఉంటుంది. చుట్టాలు వస్తే ముందు ఆ ఫొటో కిందికి తీసుకెళ్లి నిలబెట్టేవాడు, ఆ తర్వాతే మంచినీళ్లు.

ఆదివారం మరో తంతు. పదకొండు ప్రాంతంలో నర్సింగ్ కాక సైకిల్‌కు గోనె సంచి తగిలించుకుని వచ్చేవాడు. సంచి నిండా కూరగాయలు. వాటిని వంటింట్లోకి పోనిచ్చేవాడు కాదు మా నాయన, ముందు గదిలో షాబాద్ బండల మీద గుమ్మరించమనేవాడు. ఉల్లిగడ్డలు ఎదుటి జట్టు. టమాటలు మనవాళ్లు. రెండు మునక్కాయలు గోల్ పోస్టులు, వాటి మధ్య నిలబెట్టిన సొరకాయ గోల్ కీపర్, నిమ్మకాయ బంతి. కుప్పలో అన్నిటికంటే ఎర్రటి, గట్టి టమాట ఏరి అది తను అనేవాడు. నర్సింగ్ కాక అంటే ఎడమ పక్కన పెట్టే ఒక వంకాయ. "గిక్కడ నర్సింగ్ నిలవడ్డడు, సూస్తున్నడు" అని వంకాయను పెట్టేవాడు, ఆట అయ్యేదాకా ఆ వంకాయ కదిలేది కాదు. తర్వాత నిమ్మకాయను టమాటతో తోసుకుంటూ ఒక్కో ఉల్లిగడ్డనూ దాటి, సొరకాయ పక్క నుంచి దూర్చేవాడు. సొరకాయ దొర్లి పడాలి. పడకపోతే మళ్లీ మొదటి నుంచి. ఈ గోల్ పడేదాకా మా ఇంట్లో పొయ్యి మీదికి గిన్నె ఎక్కేది కాదు. అమ్మ కత్తిపీట ముందేసుకుని వంటింటి గడప దగ్గర కూర్చుని ఉండేది. గోల్ కాగానే వచ్చి కూరగాయలు చేటలోకి ఎత్తేది, అన్నిటికంటే ముందు ఆ ఎర్ర టమాటను తరిగేది. పిల్లదాన్ని, చూసి నవ్వుకునేదాన్ని తప్ప అదేమిటో నాకు అర్థం కాలేదు.

నర్సింగ్ కాక తన కూరగాయల ముందు గొంతుకూర్చుని ఆ గోల్ చూసేవాడు. బక్కగా, నల్లగా, మెడ వెనక గంపలు మోసిన కాయ ఒకటి. ఎప్పుడూ మాట కలిపేవాడు కాదు. మా నాయన "ఏం రా నర్సింగ్, గట్లనే గదా" అంటే, "నువ్వు జెప్పు రాజన్నా, నువ్వే జెప్పాలె" అనేవాడు. అదే మాట, ప్రతి ఆదివారం. అన్నానికి కూర్చుంటే అమ్మ మొదటి కంచం నర్సింగ్ కాక ముందు పెట్టేది. మిగిలిన ఆరు రోజులు మా నాయన తినందే ఎవరికీ మెతుకు పెట్టని మనిషి, ఆదివారం మాత్రం ఆయన్ని రెండోవాడిని చేసేది. అతిథి కదా అనేది. పదేళ్లుగా వారం వారం వచ్చేవాడు అతిథి ఎలా అవుతాడని నేను అడగలేదు. మా నాయన కూడా అడగలేదు, అది ఇప్పుడు తలుచుకుంటే నాకు వింతగా ఉంది.

నాకు పన్నెండేళ్లప్పుడు నర్సింగ్ కాక తన కూతురు బాలమణిని వెంట తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. మా బడే, నా క్లాసే. లెక్కల్లో నా కంటే చురుకు, అందుకని నాకు కొంచెం కడుపుమంట కూడా ఉండేది. ఒక ఆదివారం గోల్ సగంలో ఉంది. మా నాయన టమాట రెండో ఉల్లిగడ్డను దాటుతోంది. బాలమణి లేచి, వంకాయను చేతిలోకి తీసుకుని, దానితో నిమ్మకాయను లాక్కుని, మిగిలిన ఉల్లిగడ్డల మధ్య నుంచి పోనిచ్చి సొరకాయను పడగొట్టింది. "గోల్ మా బాపు కొట్టిండు. హాఫ్ టైముల అంగీలు మార్చుకున్నరు. మా అవ్వకు జెప్పిండు" అంది. గోడ మీది ఫొటో వైపు వేలు చూపించింది. "గా ఫొటోల ఏ కాలు లేచిందో సూడున్రి. గది ఎడమ కాలు. మా బాపుదే ఎడమ కాలు. పెద్దమ్మ నూనె రాసేది కుడి కాలుకు."

అందరం ఫొటో వైపు చూశాం. ఎడమ కాలే. పన్నెండేళ్లు ఆ ఫొటో కింద అన్నం తిన్నాను, ఆ కాలు కుడో ఎడమో ఒక్కరోజు చూడలేదు. అమ్మ కత్తిపీట వైపే చూస్తోంది. మా నాయన నవ్వాడు. "కుడి కాలు బెణికింది ఆ దినం. అందుకే ఎడమతోని కొట్టిన. నొచ్చిన కాలు గనక నూనె రాయించుకుంటున్న" అన్నాడు. అప్పటిదాకా గోల్ కొట్టిన కాలు అన్నది, ఆ నిమిషం నుంచి దెబ్బ తిన్న కాలు అయిపోయింది, మర్నాటి నుంచి నూనె మామూలుగా సాగింది. నర్సింగ్ కాక లేచి కూతురి చెంప మీద కొట్టాడు. "రాజన్న పెదనాయన కొట్టిండు అని చెప్పు" అన్నాడు. ఆమె చెప్పలేదు. ఇంకోటి కొట్టాడు. అయినా చెప్పలేదు, చెప్పులు చేత పట్టుకుని గడప దాటింది. నేను బండల మీది వంకాయ తీసి ఆమె వీపు మీదికి విసిరాను. "అబద్ధాలకోరు" అన్నాను. గురి తప్పలేదు.

అక్కడితో ఊరుకుని ఉంటే పన్నెండేళ్ల పిల్ల కోపం అని సర్దిచెప్పుకునేదాన్ని. మర్నాడు బడిలో ఆ కథంతా చెప్పి, గోల్ కొట్టిన వంకాయ వస్తోంది చూడండి అన్నాను. సాయంత్రానికి ఆ పేరు అంటుకుంది. హాజరు పిలిచేటప్పుడు ఆమె పేరు రాగానే వెనక బెంచీ నుంచి వంకాయ అనేవాళ్లు, టీచరు కూడా ఒకసారి నవ్వింది. ఎవరో ఆమె పుస్తకాల సంచిలో కుళ్లిన వంకాయ పెట్టారు. ఎవరో ఏమిటి, నేనే పెట్టాను. రెండు నెలలకు బాలమణి బడి మానేసి మోండాలో వాళ్ల అవ్వ, అంటే తల్లి, పక్కన కూరగాయల దగ్గర కూర్చుంది. లెక్కల్లో ఫస్టు నేనే వచ్చాను. బాలమణి ఎందుకు రావడం లేదని ఒకసారి అమ్మను అడిగితే, నా జడ గట్టిగా లాగి, "నోరు మూస్కొని చదువుకో. ఉంటున్నది క్వార్టర్ల, యాదికి పెట్టుకో" అంది. నేను యాదికి పెట్టుకున్నాను. నాకు ఆ రోజే సగం తెలుసు, ఈ మాట ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

నర్సింగ్ కాక మాత్రం రావడం మానలేదు. ఏళ్ల తర్వాత మా ఇంటికి టీవీ వచ్చింది, అప్పటికి నేను ఉద్యోగంలో ఉన్నాను. ప్రపంచ పోటీల్లో ఆ పొట్టివాడు కొట్టిన గోల్‌ను ఒక ఆదివారం మధ్యాహ్నం మళ్లీ చూపించారు. పక్క క్వార్టర్ల వాళ్లంతా మా ముందు గదిలో ఇరుక్కుని కూర్చుని, ఊపిరి బిగబట్టి చూశారు. మా నాయన ఒక్కడే పెదవి విరిచాడు. "గిది సుత గోలేనా? అడ్డం వచ్చేటోళ్లు జరిగి తొవ్వ ఇస్తున్నరు. పరేడ్ గ్రౌండ్స్‌ల గిసుంటియి పొద్దుగాల నాలుగు కొడ్తుంటిమి" అన్నాడు. ప్రపంచంలో ఎవడు ఏ గోల్ కొట్టినా ఆయనకు తన సొమ్ము ఎత్తుకుపోయినట్టు ఉండేది. నర్సింగ్ కాక తలుపు దగ్గర కూర్చుని ఉన్నాడు. గోల్‌ను మూడోసారి నెమ్మదిగా తిప్పి చూపిస్తుంటే, "పాపం, గా వెనక పడ్డోడు ఇంటికి పోయి ఏం జెప్తడో" అన్నాడు. ఫుట్‌బాల్ గురించి ఆయన నోట నేను విన్నది ఆ ఒక్క మాటే.

మా నాయన పోయినప్పుడు పాడెకు ముందు భుజం పట్టింది నర్సింగ్ కాకే. ఆ తర్వాతి ఆదివారం రాలేదు, ఇంకెప్పుడూ రాలేదు. కొన్నేళ్లకు ఆయన కూడా పోయాడని తెలిసింది, నేను వెళ్లలేదు. వెళ్లకపోగా, ఆ మరుసటి ఏడు కూరగాయల గోల్ మీద ఒక వ్యాసం రాశాను. టమాట, సొరకాయ, నిమ్మకాయ, అమ్మ కత్తిపీట, అన్నీ పెట్టాను. జనం మెచ్చుకున్నారు, చాలామందికి నా రాతల్లో అదొక్కటే గుర్తు. అందులో నర్సింగ్ కాక "కూరగాయలు తెచ్చిచ్చే నాయన దోస్తు". బాలమణి లేనే లేదు. మా నాయన నోటితో చేసింది నేను కలంతో చేశాను, పైగా ఇంకా బాగా చేశాను.

ఈ మధ్య అమ్మ బొంత ఒకటి తీశాను. పాత చీరలు, ధోవతులు పొరలు పొరలుగా వేసి అమ్మ కుట్టిన బొంత, చిన్నప్పుడు చలికాలమంతా నేను కప్పుకున్నదే. ముక్క వాసన వస్తోందని వాషింగ్ మెషిన్లో వేస్తే కుట్లు ఊడి, మధ్య పొర బయటికి వచ్చింది. ముతక బనీను గుడ్డ, నీలం రంగు వెలిసిపోయింది, దాని మీద తెల్ల గుడ్డతో కుట్టిన నంబరు 11. ఆ మ్యాచ్‌లో వేసుకున్న అంగీ రైల్లో పోయిందని మా నాయన చెప్పేవాడు. పోలేదు. నర్సింగ్ అంగీ మా ఇంటికి వచ్చింది, ఏడో నంబరు అంగీ నర్సింగ్ ఇంటికి పోయింది. అమ్మ ఈ పదకొండో నంబరు అంగీని పారేయలేదు, ఎవరికీ చూపించలేదు, నా మీద కప్పింది. అమ్మ మీద కూడా నాకు తక్కువ కోపం లేదు. టమాట తరిగితే సరిపోతుందా, కంచం ముందు పెడితే సరిపోతుందా. ఒక్క మాట అనాల్సిన చోట ఆ మనిషి నలభై ఏళ్లు వంట చేసింది.

అంగీ సంచిలో పెట్టుకుని మోండాకు పోయాను. బాలమణి ఎక్కడ కూర్చుంటుందో నాకు తెలుసు, వెతకలేదు. చిక్కుడుకాయలు కుప్ప పోస్తోంది, నన్ను చూసి చేతులు ఆపలేదు. "బాలమణీ, నేను సులోచనను" అన్నాను. "తెల్సు. వారం వారం గీ తొవ్వలనే పోతవు, అటు మొకం తిప్పుకొని" అంది. అది నిజమే. అంగీ తీసి చూపించాను. నంబరు మీద ఒకసారి బొటనవేలుతో రుద్దింది, మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "నాకెందుకు గిది? మా బాపు దగ్గర ఏడు నంబరుది ఉండె. కాలవెట్టినం బాపుతోటి." అప్పుడే పక్క గంప ఆమె, "ఓ వంకాయ బాలమ్మా, జెర నీళ్ల సీస ఇటియ్యి" అంది. బాలమణి సీసా అందించింది. నేను ఆమె గంపల వైపు చూశాను. బెండ, దొండ, చిక్కుడు, కాకర, అన్నీ ఉన్నాయి. వంకాయలు లేవు. అరవై ఏళ్ల కింద నేను పెట్టిన పేరు బడి నుంచి బజారుకు వచ్చి, పెట్టిందెవరో తెలియని వాళ్ల నోళ్లలో కూడా స్థిరపడిపోయింది.

గిరాకీ లేని ఆ కాసేపట్లో మిగతాదంతా తనే చెప్పింది, చిక్కుళ్ల ఈనెలు తీస్తూ. వీధి ఆటల్లో ఒకసారి పొరపాటున ఒకరి అంగీ ఒకరు వేసుకుని, ఓడే ఆట గెలిచారట. అప్పటి నుంచి హాఫ్ టైములో అంగీలు మార్చుకోవడం ఆ ఇద్దరికీ అలవాటు. దేశం కాని దేశంలో కూడా మానలేదు. వాన, బురద, ఎవరూ గమనించలేదు, రేడియో వాళ్లు నంబరు చూసి పేరు చదివారు. "టేషన్ల దండలు వట్టుకొని నిలవడ్డరంట జనం. అన్నీ మీ నాయన మెడల ఏసిన్రు. మా బాపు ఏమనుకున్నడు? రాజన్న చెప్తడు తియ్యి, జెర దండలు దించినంక చెప్తడు అనుకున్నడు. దండలు దించిండు. చెప్పలే. నౌకరీల చేరినంక చెప్తడు అనుకున్నడు. ఐతారం ఐతారం కూరగాయలు మోసుకొని ఎందుకొచ్చెటోడు అనుకున్నవ్? గా దినమన్న చెప్తడేమో అని." మరి నిన్నెందుకు కొట్టాడు అని అడిగాను. "నా నోట్లకెళ్లి వచ్చినంక ఇగ రాజన్న నోట్లకెళ్లి రాదు గదా. గందుకు." ఇంకో చిక్కుడుకాయ అందుకుని, "మీ నాయనను కాలవెట్టి ఇంటికొచ్చి, చెప్పకనే పాయె అన్నడు. గంతే, అన్నం తినలే" అంది.

నేను తప్పయిందన్నాను. నా గొంతు నాకే చిరాకు పుట్టించింది. "నువ్వు రాసినవంట గదా పుస్తకంల, నా బిడ్డ చదివి వినిపిచ్చింది" అంది బాలమణి. "మంచిగనే రాసినవు. గీ అంగీ, గీ తప్పయింది, నాకొద్దు. మా బాపు గోల్ సంగతి నీ ఇష్టం. నా పేరు మాత్రం నువ్వు అందరి ముంగట పెట్టినవు. అందరి ముంగట తియ్యి." పావుకిలో చిక్కుళ్లు తీసుకున్నాను. నా ముందు నిలబడ్డ ఆమెకు తూచాక గుప్పెడు కొసరు వేసింది. నాకు వేయలేదు.

సరిగ్గా ఆ వారమే వీడియోల వాళ్లు ఫోన్ చేశారు. హాసిని అనే అమ్మాయి, ఇద్దరు కెమెరావాళ్లు వచ్చారు. "మీ వ్యాసం చదివి ఏడ్చేశానండి మేడమ్. రీలు లేని గొప్ప గోల్స్ అని స్పెషల్ ఎపిసోడ్ చేస్తున్నాం. ఆ కూరగాయలతో ఒకసారి చేసి చూపిస్తారా, ప్లీజ్" అంది. అందరి ముంగట అంటే ఇదే అనుకున్నాను. కూరగాయలు బాలమణి దగ్గరే కొన్నాను, వంకాయ మాత్రం వేరే చోట కొనాల్సి వచ్చింది. మా ఇంటి నున్నటి టైల్స్ మీద సొరకాయ నిలబడక రెండుసార్లు పడింది. టమాటను కుడి పక్కన పెట్టి, ఇది మా నాయన, చూస్తున్నాడు అన్నాను. వంకాయతో గోల్ కొట్టాను. అంగీ పరిచి చూపించాను, ఫొటోలోని కాలు చూపించాను, బడి సంగతి, పేరు సంగతి, అన్నీ చెప్పాను. హాసిని కెమెరావాళ్ల వైపు చూసింది. "మేడమ్, ఇదంతా ఉంటే మూడ్ మారిపోతుందండి. మాది సెలబ్రేషన్ ఎపిసోడ్ కదా. ఎడిట్‌లో చూస్తాం లెండి" అంది. చూశారు. వీడియోలో నా చేయి ఉంది, నిమ్మకాయ ఉంది, సొరకాయ పడింది, కింద మా నాయన పేరు పడింది.

ఈ రోజుల్లో పరేడ్ గ్రౌండ్స్ పక్క నుంచి ఆటోలో పోతుంటే ఆడుకునే పిల్లల వీపుల మీద నంబరుతో పాటు పేరు కూడా కనిపిస్తోంది, ఎక్కడెక్కడి విదేశీ ఆటగాళ్ల పేర్లు. ఆ రోజుల్లో అంగీ మీద పేరు ఉండి ఉంటే ఏమయ్యేదని కొన్నాళ్లు ఆలోచించాను. ఏమీ అయ్యేది కాదు, పేరు కూడా అంగీతో పాటే మారేది. కెమెరాలు లేకనే అప్పుడు అన్యాయం జరిగిందని అనుకునేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో రెండు కెమెరాలు పెట్టి, లైటు వేసి, నా నోట నిజం చెప్పించుకుని మరీ అదే అబద్ధం చూపించారు. అప్పట్లో కనీసం వాన అనే సాకైనా ఉండేది. వీడియో వచ్చిన రెండో రోజు మోండాకు పోతే, పక్క గంప ఆమె ఫోన్లో బాలమణి అప్పటికే చూసేసింది. నా వైపు చూడకుండా తక్కెడలో బెండకాయలు వేస్తూ, "మల్ల మీ నాయనే కొట్టిండు" అంది.

అందుకని నాకు చేతనైన పనికే తిరిగొచ్చాను. ఇంతకుముందు నేను రాసిన వ్యాసంలో గోల్ మా నాయనది అని ఉంది, అది అబద్ధం. ఆ గోల్ నర్సింగ్ కొట్టాడు, ఎడమ కాలితో, మా నాయన అంగీ వేసుకుని. పన్నెండేళ్ల వయసులో మా ముందు గదిలో నిలబడి, రెండు చెంపదెబ్బలు తిని కూడా మాట మార్చని పిల్ల చెప్పింది నిజం. ఆ పిల్ల వీపు మీదికి వంకాయ విసిరింది నేను. ఆ పేరు పెట్టింది నేను, ఆమె సంచిలో కుళ్లిన కాయ పెట్టింది నేను, ఆమె బడి మానడానికి కారణం నేను. మోండా మార్కెట్‌లో ఆకుకూరల వరస దాటాక కుడి చేతి మలుపులో ఆమె కూర్చుంటుంది, పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం దాకా. మీరు అటు పోతే, ఎవరినైనా అడగాల్సి వస్తే, పేరు పెట్టి అడగండి. ఆమె పేరు బాలమణి.